గాయాలు రానివ్వబోమంటూ చందా కట్టించుకునే పరుగు యాప్‌తో జాగ్రత్త: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అభ్యర్థులకు హెచ్చరిక

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల కోసం నెల్లూరు, కావలి, ఒంగోలు మైదానాల్లో తెల్లవారుజామునే పరుగు సాధన చేస్తున్నవారికీ, వారి తల్లిదండ్రులకూ ఈ హెచ్చరిక. గాయాలు కాకుండా శిక్షణ ఇస్తామని ప్రకటించుకునే ఒక యాప్‌కు మా తమ్ముడు ఏడాది చందా కట్టాడు. అది చెప్పినట్టే పరుగెత్తి, కుడికాలి ముందు ఎముకలో సన్నని పగులుతో ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. అదే ప్రకటన మన కుర్రాళ్ల ఫోన్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది కాబట్టి, జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

మన రాష్ట్ర పోలీసు నియామకాల్లో 1600 మీటర్ల దూరాన్ని పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. కొన్ని సెకన్లు వెనకబడితే ఏళ్ల చదువంతా వృథా అవుతుందన్న భయం ఉన్న పిల్లలను ‘మీ శరీరానికి తగిన ప్రణాళిక’ అన్న మాట సులభంగా ఆకట్టుకుంటుంది. అయితే చేరేటప్పుడు ఈ యాప్ అడిగినవి వయసు, ఎత్తు, బరువు, పరీక్ష తేదీ మాత్రమే. ఇంతకుముందు కాలికి గాయమైందా, ఎంతకాలంగా పరుగెత్తుతున్నారు, పరుగెత్తేది మట్టి నేల మీదా తారురోడ్డు మీదా అన్న ప్రశ్నలు ఎక్కడా లేవు. ఒకసారి గాయపడినవారికి మళ్లీ గాయమయ్యే అవకాశం ఎక్కువని పరుగు గాయాలపై జరిగిన పరిశోధనలు పదే పదే చెబుతున్నాయి. ఆ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తయారైన ప్రణాళికను వ్యక్తిగతమైనదని చెప్పి అమ్మడం అన్యాయం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం నొప్పికి సంబంధించినది. పరుగు ముగిశాక దూరం, వేగం, గుండె వేగం చూపిస్తుంది గానీ, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడగదు. మనంతట మనం చెబుదామన్నా నమోదు చేసే చోటు లేదు. మోకాలి కింద ఎముక నొప్పి మొదలైనప్పుడు మా తమ్ముడికి మిగిలిన మార్గం ఆ రోజు పరుగు మానేయడం ఒక్కటే. మానేస్తే ‘స్ట్రీక్’, అంటే విరామం లేకుండా పరుగెత్తిన రోజుల లెక్క, పోతుందని ఫోన్ పదే పదే గుర్తుచేస్తుంది. పైగా తప్పిపోయిన ఆ దూరాన్ని వారంలోని మిగతా రోజులకు పంచి కలిపేస్తుంది. అంటే నొప్పి పుట్టి విశ్రాంతి తీసుకున్న కాలి మీదనే మరుసటి రోజు ఎక్కువ భారం పడుతుంది. మైదానంలో పిల్లలచేత సాధన చేయించే పెద్దవారెవరైనా కుంటుతున్న కుర్రవాణ్ణి చూస్తే ముందు పక్కన కూర్చోబెడతారు. ఆ పాటి జాగ్రత్త కూడా ఈ యాప్ తయారీలో లేదు.

ఎముక మీద కొత్తగా భారం పెరిగినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంత తొలగించి, ఆ తరువాత కొత్తది నిర్మించుకుంటుంది. ఇందుకు నెలలు పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు మాత్రం కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. అందువల్ల ఆయాసం తగ్గి, ఇంకా పరుగెత్తగలనన్న నమ్మకం కుదిరే సమయానికి ఎముక ఇంకా సిద్ధం కాకపోవచ్చు. గాయాలను నివారించే యాప్ కనిపెట్టి ఉండవలసింది ఈ తేడానే. ఇది గుండె వేగం పచ్చరంగులో ఉందన్న ఒక్క కారణంతో ప్రతి వారం దూరం పెంచుకుంటూ పోయింది. ఆ పచ్చరంగుకు ఆధారం, 220 నుంచి వయసును తీసివేసి గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా కట్టే లెక్క. అది సగటు అంచనా మాత్రమే, ఒకే వయసున్న ఇద్దరి మధ్య నిమిషానికి ఇరవై స్పందనల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు.

మన ఎండల సంగతీ దానికి పట్టలేదు. మన తీరంలో రోహిణి కార్తెనాటి తెల్లవారుజామున కూడా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. మైపాడు, కొత్తపట్నం వైపు సాధన చేసేవారు ఇది బాగా గమనించాలి.

మా తమ్ముడికి తీసిన మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఇటువంటి పగుళ్లు తొలివారాల్లో ఎక్స్‌రేకు దొరకకపోవడం మామూలేనని చెప్పి ఎముకల డాక్టరు ఎంఆర్ఐ చేయించారు. పగులు అందులో బయటపడింది. ఎముక పొడవునా పరుచుకున్న నొప్పి కన్నా, ఒక్క వేలు పెట్టి చూపించగలిగిన చోట, నొక్కితే కలుక్కుమనే నొప్పిని ఎక్కువగా అనుమానించాలని ఆయన చెప్పారు. అటువంటిది ఉన్నవారు, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గనివారు, దయచేసి ఈరోజే పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోండి.

ఇక డబ్బు విషయం. ఉచితంగా వాడుకొమ్మన్న గడువు ముగియగానే ఏడాది చందా మొత్తం ఆటోపేలో, అంటే ముందే ఇచ్చిన అనుమతితో దానంతటదే జరిగే చెల్లింపులో, ఖాతా నుంచి పోయింది. గాయం గురించి కంపెనీకి రాస్తే, ఇది వైద్య సలహా కాదని షరతుల్లో ముందే ఉందన్న ఒకే జవాబును మళ్లీ మళ్లీ పంపించారు. మీరు చేరేముందు ఆ షరతులు తెరిచి చదవండి. ఉచిత గడువులోనే రెండు రోజులు పరుగు మానేసి, తరువాతి ప్రణాళికలో దూరం తగ్గిందో పెరిగిందో చూడండి. పెరిగితే డబ్బు కట్టకండి. ఫోన్ నుంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి అనుమతిని రద్దు చేయాలి. చందాను సులభంగా వదులుకోనివ్వని ఏర్పాట్లను కేంద్ర ప్రభుత్వం 2023 మార్గదర్శకాల్లో అనుచిత పద్ధతిగా పేర్కొంది. ఇప్పటికే డబ్బు పోయినవారు చెల్లింపు వివరాలు, యాప్‌లో కనిపించిన ప్రణాళిక, కంపెనీ జవాబులు ఫొటోలుగా భద్రపరచుకుని జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఏ ఊరిలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.