మత్తు ఎవరిస్తారని అడిగాను: ఒక ఎండోస్కోపీ సెంటర్ రివ్యూ

ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఈ సెంటర్‌లో ఏసీ గురించీ కుర్చీల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు, నేను మత్తు సంగతే రాస్తాను. ఐదుకు నాలుగు స్టార్లు.

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీకి వెళ్లాను. మత్తు ఎవరిస్తారని రిసెప్షన్‌లో అడిగితే "మా సిస్టర్లే ఇస్తారు మేడమ్, ఏం భయం లేదు" అంది ఆ అమ్మాయి. నాకు అప్పుడే భయం మొదలైంది. సిస్టర్లు అసలు ఇవ్వకూడదని కాదు. ఏ మందు, ఎంత లోతు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పిలిస్తే పలికేంత మత్తు వరకైతే, డాక్టరు పక్కనే ఉండి ఆర్డరిస్తే, శిక్షణ ఉన్న నర్సు నిద్రమత్తుకి మిడజోలమ్, నొప్పికి ఫెంటనిల్ లాంటివి ఇవ్వడానికి చాలా చోట్ల చట్టం ఒప్పుకుంటుంది. పదేపదే తట్టి లేపితేనో, నొప్పి పెడితేనో తప్ప కదలనంత మత్తూ, ఆపైన అసలు స్పృహే లేకుండా చేసే పూర్తి అనస్థీషియా, అనస్థటిస్టు (మత్తు డాక్టరు) పని. అమెరికా లాంటి చోట్లయితే, అనస్థీషియాలోనే విడిగా పైచదువు చదివిన నర్స్ అనస్థటిస్టులూ చేస్తారు. మామూలు నర్సింగ్ లైసెన్సు అంతదూరం రాదు.

ఇదివరకు వేరే చోట మత్తు చాలక నాకు పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఆ కాగితం చూసి ఇక్కడి డాక్టరు "అవసరమైతే కొంచెం ప్రొపొఫాల్ ఇద్దాం సిస్టర్" అన్నారు. ఆ సిస్టర్‌ది మా అమ్మాయి వయసు. "ప్రొపొఫాల్ నేను ఇవ్వకూడదు సార్. అనస్థీషియా సార్ పక్క గదిలో కేసులో ఉన్నారు, వచ్చాక మొదలుపెడదాం" అంది. గొంతు పెంచలేదు, నసగలేదు. డాక్టరు గడియారం చూసుకుని సరేనన్నారు. ఆయనకీ ఒక మార్కు వెయ్యాలి, ఇలాంటి మాటకి విసుక్కున్న సర్జన్లని నేను చాలామందిని చూశాను.

పాలలా తెల్లగా ఉండే ఆ మందు నిమిషంలోపే పనిచేస్తుంది. కునుకుకీ ఊపిరి ఆగడానికీ మధ్య దూరం దానితో చాలా తక్కువ. మిడజోలమ్ ఎక్కువైతే విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఉంది, ఫెంటనిల్‌కి నలాక్సోన్ ఉంది. ప్రొపొఫాల్‌కి విరుగుడు లేదు, మందు దిగేదాకా ఎవరో ఒకరు మాస్కు పట్టుకుని ఊపిరి అందించాల్సిందే. జనరల్ అనస్థీషియాలో శిక్షణ ఉండి, ఆ ప్రొసీజర్‌లో చెయ్యి పెట్టనివాళ్లే ఇవ్వాలని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే రాసి ఉంటుంది. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ప్రత్యేక శిక్షణ పొందిన ఎండోస్కోపీ నర్సులు కూడా ఇస్తారు. హద్దు దేశానికో చోట ఉందన్నమాట. కానీ అది దాటిన నర్సు రేపు ఏదైనా జరిగితే "డాక్టరు ఇమ్మన్నారు" అని తప్పించుకోలేదు. నోటిమాట ఆర్డరైతే మరీను, చార్టులో మందు ఇచ్చినట్టు సంతకం ఆమెదే ఉంటుంది.

అనస్థటిస్టు వచ్చి ఎప్పుడు తిన్నాను, నీళ్లు ఎప్పుడు తాగాను, కదిలే పళ్లున్నాయా అని అడిగారు, మెడ వెనక్కి వంచి చూశారు. ఊపిరిని తెర మీద గీతగా చూపే కాప్నోగ్రఫీ తగిలించారు. వేలికి పెట్టే క్లిప్పు ఒక్కటే నమ్ముకుంటే, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు ఊపిరి ఆగినా అది చూపే ఆక్సిజన్ అంకె కాసేపు పడిపోదు. వదిలే గాలిని చూపే ఈ గీత వెంటనే చెబుతుంది. తర్వాతది నాకు గుర్తులేదు, అది వాళ్ల పనితనమే.

బయట కూర్చున్న ఒకాయన, పేషెంట్లని ఊరికే కూర్చోబెడుతున్నారని ఒక్క స్టారే ఇచ్చి రాశారు. చదివాను.

నేను ఒక స్టారు కోసింది రెండు విషయాలకి. అంగీకార పత్రంలో "మత్తు ఇవ్వబడును" అని ఉంది తప్ప ఎవరు, ఏ స్థాయి అన్నది లేదు. సంతకం పెట్టేముందు నేనే రాయించాను. రెండోది, రికవరీలో ఇంకా సరిగ్గా మెలకువ రానివాళ్లందరినీ ఒకే నర్సు చూసుకుంటోంది.

నా గురక సంగతి నేను చెప్పేదాకా ఎవరూ అడగలేదు. గురక గానీ స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) గానీ ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి, మొదటినుంచీ అనస్థటిస్టు ఉండేలా టైమిస్తారు.