విశాఖ ఉక్కపోతలో జీను కింద ఏ ప్యాడ్ మేలు?

ఎండలు మొదలయ్యాయంటే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: దూరం స్వారీకి జీను కింద ఏ ప్యాడ్ వేయాలి, గాలి బాగా ఆడేది ఏది? మొన్న మా గుర్రం గౌరికి కొత్త ప్యాడ్ కొనేముందు నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. నూలు, జాలీ, ఉన్ని మూడూ వాడి చూశాను కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక లెక్క. గుర్రాల వాళ్ల పాత కొలత ఒకటుంది: ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని, దానికి గాలిలో తేమ శాతం కలపాలి. 130 లోపైతే గుర్రం తనంతట తానే చల్లబడుతుంది, 150 దాటితే కష్టం, 180 దగ్గరికొస్తే స్వారీ మానుకోవడమే. జోధ్‌పూర్‌లో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ అనుకోండి, 104కి 20 కలిపితే 124. అదే మన భీమిలి రోడ్డు మీద మే నెల తెల్లవారుజామున 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే 167! ఎండ లేదు కదా అని బయల్దేరతాం గానీ, గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమట కార్చగలదు, ఆ చెమట ఆరితేనే దానికి చల్లదనం, ఇక్కడి గాలి దాన్ని ఆరనివ్వదు. అందుకే రాజస్థాన్ వాళ్లు మెచ్చుకున్న ప్యాడ్ మనకూ పనికొస్తుందని నమ్మలేం.

నూలు ప్యాడ్ చవక, ఉతకడం తేలిక, గంట స్వారీకి చాలు. రెండో గంటకి తడిసి ముద్దై మడతపడుతుంది, ఆ మడతే వీపు మీద ఒరుసుకుంటుంది.

జాలీ ప్యాడ్, అదే 3డి మెష్, గాలి ఆడుతుందని అందరూ చెప్పేది దీని గురించే. చేత్తో నొక్కితే స్పాంజిలా లేస్తుంది, నిజమే. కానీ దాని మీద జీను బిగించి 70 కిలోల మనిషి కూర్చున్నాక ఆ గాలికి మిగిలే చోటు తక్కువ. పైగా పల్చన, తొట్లకొండ దిగేటప్పుడు మాకు రెండుసార్లు పక్కకు జారింది. ఆరడంలో మాత్రం దీన్ని మించింది లేదు, కడిగి దులిపి తీగ మీద వేస్తే చాలు.

నేను తీసుకున్నది ఉన్ని ఫెల్ట్, అంటే ఉన్నిని అదిమి చేసిన మందపాటి బట్ట. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, మందం వల్ల బరువు ఒకచోట పడదు. అయితే ఏ ఉన్ని పడితే అది కాదు. వెన్ను పొడవునా మధ్యలో ఖాళీ వదిలి, మూపు దగ్గర ఎత్తుగా కుట్టింది చూసుకోండి. పొట్ట పట్టీ బిగించేముందు ప్యాడ్‌ని జీను కింద మధ్యలో ఉండే గూట్లోకి పైకి లాగి, మూపు మీద వేళ్లు దూర్చి చూడండి, తేలిగ్గా దూరాలి. గుర్రం నడుస్తుంటే గాలి తిరిగేది ఆ సందులోనే, బట్ట ఏదన్నదాని కంటే నాకు ఆ సందే ముఖ్యం.

ఉన్నితో వచ్చే చిక్కు ఆరకపోవడం. నిరుడు శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. చేత్తో తాకితే ప్యాడ్ ఆరినట్టే ఉంది, లోపల తడి ఉందని తెలుసుకోకుండా వేసేశాను. 20 కిలోమీటర్లు తిరిగొచ్చి జీను దించితే మూపు వెనక అరచేతి మేర వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడిపోయింది. ప్యాడ్ తిప్పి చూస్తే పాత చెమట ఉప్పు కట్టి గరుకు కాగితంలా ఉంది. మూడు వారాలు గౌరి మీద జీను వేయలేదు, దాని నొప్పికి కారణం నేనే అన్న బాధ ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు ఫెల్ట్ ప్యాడ్లు రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడుతున్నా. స్వారీ అయిన ప్రతిసారీ మామూలు చన్నీళ్లతో ఉప్పు పోయేదాకా కడిగి, మడత పెట్టకుండా ఫ్యాను కింద వేలాడదీస్తా. రెండు కొనే స్తోమత లేకపోతే వానాకాలానికి జాలీయే మేలని ఒప్పుకుంటాను.

రబ్బరు లాంటి నియోప్రీన్ ప్యాడ్ జారదు, కానీ వేడిని పట్టి ఉంచుతుంది, మన ఊరికి వద్దు. జెల్ కూడా అంతే. గొర్రెతోలు మంచిదే, ఖరీదు, ఆరడం ఇంకా ఆలస్యం.

ఏ ప్యాడ్ వేసినా అది గుర్రాన్ని చల్లబరచదు, ఆ పని నీళ్లది. ఆగిన చోటల్లా మెడ, రొమ్ము, కాళ్ల మధ్య ఆపకుండా పోస్తూనే ఉండండి. అంతర్జాతీయ దూరం స్వారీ పోటీల్లో గుర్రం ముందుకెళ్లాలంటే గుండె సాధారణంగా నిమిషానికి 64కి దిగాలి, మనం ఇంటి దగ్గరా అదే చూసుకోవచ్చు.

జీను దించగానే వీపు కూడా చూడండి. రెండు పక్కలా ఒకేలా తడిసి, మధ్యలో వెన్ను గీత పొడిగా ఉంటే ప్యాడ్ కుదిరినట్టే. తడి మధ్యలో రూపాయి బిళ్లంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి పడుతోందేమో అనుమానించాలి. అప్పుడు ఇంకో ప్యాడ్ కోసం వెతక్కండి, ముందు జీను కొలత తెలిసినవాళ్లకి చూపించండి.