ఉదయగిరి దుర్గంలో ఏలినవారి జాడలు

ఉదయగిరి కొండ చూడదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది బస సంగతి. మొదటిసారి మేము నెల్లూరులో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. కానీ ఆత్మకూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు బస్సులో వచ్చేసరికి ఎండ ముదిరి, సగం కొండ నుంచే దిగిపోవలసి వచ్చింది. ఈ మాఘమాసంలో ఉదయగిరిలోనే ఒక చిన్న లాడ్జిలో ఉన్నాము. దోమల బాధ ఉన్నా, తెల్లవారకముందే కొండ ఎక్కడం మొదలుపెట్టగలిగాము కనుక నా ఓటు దీనికే.

సుమారు 3,079 అడుగుల ఎత్తున్న ఈ కొండపై ఎనిమిది, దిగువన ఐదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవని చెబుతారు. కోస్తాకూ లోపలి సీమకూ నడుమ కాపలా కాసే చోటు కావడం వల్ల దీని మీద ఆశ పడని రాజు లేడు. విజయనగరపు తొలినాళ్లలో హరిహరరాయల తమ్ముడు కంపన ఇక్కడి నుంచే తూర్పు సీమను పాలించాడు. ఆ తరువాత ఒడిశాను ఏలిన గజపతులు వచ్చారు. కోటను మళ్లీ గెలవబోయిన విజయనగర రాజు సాళువ నరసింహరాయలు పురుషోత్తమ గజపతికి బందీగా చిక్కి, ఉదయగిరిని వదులుకుని విడుదల పొందాడు.

ఆ అవమానం శ్రీకృష్ణదేవరాయలకు గుర్తుండే ఉంటుందని నా నమ్మకం. 1513లో ముట్టడి మొదలుపెట్టి, సైన్యం నడిచేందుకు బండలు పగలగొట్టించి దారి వేయించినట్టు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు. ఏడాదికి పైగా నిలిచిన కోట 1514లో లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయుడు పట్టుబడ్డాడు. రాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకువెళ్లి, 1515లో హంపిలో దానికి ఆలయం కట్టించాడు. గెలిచినవాడి కీర్తి హంపిలో నిలిచింది. ఆ దేవుడు కొలువున్న ఊరు మాత్రం ఇదేనని గట్టిగా చెప్పే బోర్డు ఒక్కటీ మాకు కనబడలేదు. ఈ లోపం నన్ను నిజంగా బాధించింది.

గోల్కొండవారి కాలపు మసీదు పైన ఉంది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్‌ను 1839లో ఈస్టిండియా కుంపిణీవారు కుట్ర నేరం మోపి పదవి నుంచి తొలగించారు; జాగీరూ అంతటితో ముగిసింది.

దారి చూపిన పెద్దాయనకు మేము 500 రూపాయలు ఇచ్చాము. ఆయన లేకుంటే ముళ్లపొదల్లో రాజమహలు గోడలు మాకు దొరికేవి కావు. పైన తాగునీరు దొరకలేదు కనుక మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లడం మంచిది.

దిగాక భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లాము. కొండల్లో దొరికే కర్రను చెక్కి నునుపు చేస్తున్న ఆడవారి పక్కన కూర్చుని గంటసేపు చూశాము. అక్కడ కొన్న గరిటెతోనే మా ఇంట్లో ఇప్పుడు పప్పు కలుపుతున్నారు.