ఐదొందల ఇయర్‌ఫోన్: ఈక్వలైజర్‌తో సర్దుకోవడం మేలా, కొత్తది కొనడం మేలా?

మా మేనల్లుడు పోయిన నెల విజయనగరం గంటస్తంభం దగ్గర ఐదొందలు పెట్టి వైరున్న ఇయర్‌ఫోన్లు కొన్నాడు. వారం తిరక్కుండానే నా దగ్గరికి తెచ్చి, "ఏటి మావయ్యా ఇది, అంతా డబడబే. మాటే వినపడట్లేదు" అన్నాడు. జముకుల కథ వీడియో ఒకటి పెట్టి నా చెవిలో పెట్టాడు. జముకు వాయిద్యం మోత బుర్రంతా నిండిపోయింది. కథ చెప్పే ఆవిడ మాత్రం గోనెసంచి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది. వాడు అప్పటికే రెండు వేలది ఒకటి చూసిపెట్టుకున్నాడు. రెండు వేలు పెట్టేముందు ఒక సాయంత్రం పెట్టరా అన్నాను.

ముందు పైసా ఖర్చు లేని పని. వాడి కుడి చెవి రబ్బరు వదులుగా ఉంది. డబ్బాలో ఇచ్చిన పెద్ద సైజు రబ్బరు వేస్తే కుడివైపు బాస్, అంటే కింది శబ్దం, ఒక్కసారి లేచింది. చెవికీ రబ్బరుకీ మధ్య సందుంటే కింది శబ్దాలు అక్కడే కారిపోతాయి. అలా కారిపోయేదాన్ని ఈక్వలైజర్‌లో (కింది, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి దించే సెట్టింగ్‌లో) బాస్ పెంచి పూడ్చాలనుకోవడం చిల్లు బిందెలో నీళ్లు పోయడమే. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలనేం లేదు. నాకైతే ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి మధ్యది.

రబ్బర్లు కుదిరాక ఇప్పుడు రెండు వైపులా డబడబే. అంటే లోపం చెవిలో లేదు, ఇయర్‌ఫోన్ ట్యూనింగ్‌లో ఉంది. చవక ఇయర్‌ఫోన్లలో చాలావాటికి 100 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఒక గుట్ట ఉంటుంది, అంటే అక్కడి శబ్దం మోతాదు మించి వస్తుంది. హెర్ట్జ్ అంకె చిన్నదైతే కింది శబ్దం, పెద్దదైతే పై శబ్దం. షాపులో పది సెకన్లు విన్నవాడికి అదే "బాస్ బాగుంది" అనిపిస్తుంది, ఇంటికొచ్చి గంట వింటే తలనొప్పి.

ఇక ఫోన్‌లో ఉండే రెడీమేడ్ సెట్టింగులు: పాప్, రాక్, జాజ్, బాస్ బూస్ట్. వీటి జోలికి వెళ్లొద్దంటాను. మీరు పెట్టుకున్న ఇయర్‌ఫోన్ ఏదో వాటికి తెలీదు. ఇప్పటికే ఉప్పెక్కువైన పులుసులో బాస్ బూస్ట్ ఇంకో చెంచా ఉప్పు వేస్తుంది, అంతే. అదే మెనూలో కస్టమ్ అని ఉంటే అది మాత్రం పనికొస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదు గీతలుంటాయి: 60, 230, 910, 3,600, 14,000 హెర్ట్జ్. మన అదృష్టం కొద్దీ 230 గీత సరిగ్గా ఆ గుట్ట మీదే ఉంది. వాడి ఫోన్‌లో అదొక్కటే 4 డెసిబెల్స్ దించాను. కథ చెప్పే ఆవిడ గోనెసంచి తీసేసింది. మిగతా నాలుగు గీతలూ ముట్టుకోలేదు.

ఐదు గీతలతో వచ్చిన చిక్కల్లా, 3,600కీ 14,000కీ మధ్య ఏమీ లేకపోవడం. చవక ఇయర్‌ఫోన్లలో "స", "శ" అక్షరాలు చెవిలో సూదిలా గుచ్చుకునే చోటు ఎక్కువగా ఆ మధ్యలోనే, 6,000-8,000 దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే పారామెట్రిక్ ఈక్వలైజర్ కావాలి. అందులో ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత పెంచాలి లేదా దించాలి, ఎంత వెడల్పున అనే మూడూ మన చేతిలో ఉంటాయి. ఆ వెడల్పునే క్యూ అంటారు. క్యూ పెరిగేకొద్దీ కోత సన్నబడుతుంది.

ఇక్కడ రెండు దారులు. ఒకటి, ఎవరో కొలిచిపెట్టిన లెక్కలు వాడుకోవడం. యాక్కో పాసనెన్ మొదలుపెట్టిన ఆటోఈక్యూ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో వేల మోడళ్లకు సరిచేసే లెక్కలు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ ఆ జాబితాను లోపలే పెట్టుకుంది. మోడల్ పేరు వెతికి నొక్కితే చాలు. విండోస్ కంప్యూటర్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీవో ఉచితంగా దొరుకుతుంది. ఈ లెక్కలు ఎక్కువగా హర్మాన్ టార్గెట్‌ను లక్ష్యంగా పెట్టుకుంటాయి. హర్మాన్ ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్ బృందం చాలామందికి వినిపించి, ఎక్కువమందికి నచ్చే శబ్దం ఎలా ఉంటుందో గీసిన వంపు అది.

దాని గ్రాఫ్ చూస్తే 3,000 హెర్ట్జ్ దగ్గర పెద్ద ఎత్తు కనిపిస్తుంది. మా వాడు "అక్కడ ఎక్కువైపోయింది కదా, దించేద్దామా?" అని అడిగాడు. వద్దన్నాను. చెవి తెరిచి ఉన్నప్పుడు చెవి గొట్టమే ఆ చుట్టుపక్కల శబ్దాన్ని పెంచుతుంది. ఇయర్‌ఫోన్ ఆ గొట్టాన్ని మూసేస్తుంది కాబట్టి ఆ పెంపును ఇయర్‌ఫోనే ఇవ్వాలి. దాన్ని దించితే గాయకుడు వెనక గదిలోకి వెళ్లిపోతాడు.

అలాగని ఈ దారినీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. వాళ్లు కొలిచింది వాళ్ల దగ్గరున్న జత. ఐదొందల సరుకులో ఒక జతకీ ఇంకో జతకీ తేడా ఉంటుంది, ఒక్కోసారి ఒకే జతలో ఎడమకీ కుడికీ కూడా. పైగా 8,000 దాటాక రబ్బరు చెవిలో ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టే శబ్దం మారిపోతుంది. అందుకే ఆ పైన లెక్కలు ఏం చెప్పినా నేను పెద్దగా పట్టించుకోను. వేవ్‌లెట్ కొన్ని యాప్‌ల పాటలను పట్టుకోలేదు కూడా, అప్పుడు సెట్టింగుల్లో లెగసీ మోడ్ పెట్టి చూడాలి.

మా వాడి మోడల్ ఆ జాబితాలో లేనే లేదు. కాబట్టి రెండో దారి, అంటే సొంత చెవి. దీనికి నేను వాడేది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డు. ఆయన 1919లో మన విజయనగరం సంగీత కళాశాలలో చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఊరి అభిమానం ఉందనుకోండి, అసలు కారణం అది కాదు. ఆ కాలం గ్రామఫోన్ రికార్డుల్లో లోతైన బాస్ ఉండదు. ఉన్నదంతా మధ్య శబ్దమే, దాని మీద రికార్డు గీసుకునే బుసబుస. అలాంటి రికార్డు కూడా బొంగురుగా వినిపిస్తే తప్పు ఇయర్‌ఫోన్‌దే. ఆ బుస ఒక సన్నని ఈలలా మారి గుచ్చుకుంటే పై శబ్దాల్లో ఎక్కడో ఒకచోట మోతాదు మించిన మొన ఉందని అర్థం. మొన ఎక్కడో వెతకడానికి పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో క్యూ 4 పెట్టి, 6 డెసిబెల్స్ దించి, ఆ కోతను 5,000 నుంచి 9,000 దాకా మెల్లగా జరిపాం. 7,000 దాటగానే బుస మెత్తబడింది. అక్కడ ఆపి కోతను 4 డెసిబెల్స్‌కి తగ్గించాం. వాడికి ఈ వెతుకులాటే పాటలకన్నా ఎక్కువ నచ్చినట్టుంది.

ఏ దారిలో వెళ్లినా దించడమే మేలు. పెంచక తప్పకపోతే ఎంత పెంచారో అంత ప్రీయాంప్ (ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి దించే గీత) దించాలి. 5 పెంచితే ప్రీయాంప్ మైనస్ 5. లేదంటే పాటలో పెద్ద చప్పుడు వచ్చినచోట శబ్దం పగులుతుంది, ఆ నింద ఇయర్‌ఫోన్ మీద పడుతుంది.

రైలు సంగతి వేరు. వాడు రోజూ విశాఖ వెళ్లొస్తాడు. పెట్టె గడగడలన్నీ కింది శబ్దాలే కాబట్టి పాటలో బాస్‌ను అవి మింగేస్తాయి. ఇంట్లో సరిపోయిన సెట్టింగ్ అక్కడ పీలగా అనిపిస్తుంది. అప్పుడు బాస్, వాల్యూమ్ రెండూ పెంచుకుంటూ పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు పెట్టిన హద్దు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. రైలుకు ఈక్వలైజర్ కన్నా చెవిని బాగా మూసే ఫోమ్ రబ్బర్లు మేలు.

మరి కొత్తది ఎప్పుడు కొనాలి? వాల్యూమ్ తక్కువగా ఉన్నా బాస్ పగులుతుంటే, ఎడమ కుడి వైపులు అసలు పొంతన లేకుండా ఉంటే, పిన్ను దగ్గర వైరు కదిపితే ఒక వైపు పోతుంటే కొనేయండి. వీటిలో దేన్నీ ఈక్వలైజర్ బాగుచేయలేదు. ఐఫోన్ వాడేవాళ్లకు సొంతంగా గీతలు జరుపుకునే వీలు తక్కువ కాబట్టి, ట్యూనింగ్ బాగున్నది కొనుక్కోవడమే వాళ్లకు సుఖం. బ్లూటూత్ బడ్స్ కొనేవాళ్లు కంపెనీ యాప్‌లో ఈక్వలైజర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఆ సెట్టింగ్ బడ్స్‌లోనే నిలిచిపోయే రకమైతే ఫోన్ మార్చినా పోదు.

మా వాడికి ఈ మూడు జబ్బుల్లో ఒక్కటీ లేదు. ప్రస్తుతం రెండు సెట్టింగులు దాచుకున్నాడు. నేను 4 దించిన చోట వాడు మళ్లీ 2 పెంచేశాడట. "జముకు మరీ చప్పబడిపోయింది మావయ్యా" అన్నాడు. వినేది వాడు కదా, సరే అన్నాను.