కర్ర, వెండి కలిసిన నగల కోసం బెంగళూరులో

వెండిలో కర్ర, లక్క, జింకు లాంటివి కలిపి చేసే నగలంటే మా వదినకు ప్రాణం. వాటి కోసమే హిందూపురంలో రైలెక్కి బెంగళూరు వెళ్లాం.

మొదట మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో దిగాం. అద్దె తక్కువే కానీ రాత్రంతా హారన్ల మోత. మర్నాడే మల్లేశ్వరంలోని ఒక హోమ్‌స్టేకి మారిపోయాం. అక్కడ శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే చిక్‌పేట. ఆడవాళ్లు ఇద్దరే వెళ్తే నేను ఇదే చెప్తాను.

కమర్షియల్ స్ట్రీట్ వైపు ఒక పెద్ద షోరూమ్‌లో డిజైన్లు నిజంగా బాగున్నాయి. ఎన్ని పెట్టుకుని చూసినా విసుక్కోలేదు. కానీ లాకెట్‌లో వెండి ఎంత అని అడిగితే మొత్తం బరువే చెప్పారు. కర్రకు కూడా వెండి రేటు కట్టడం నాకు అన్యాయంగా అనిపించింది. కొనకుండా వచ్చేశాం.

నగరత్‌పేట సందులో ఒక చిన్న పనిశాల దొరికింది. పనివాడు తెలుగాయనే. "కర్రకి మంట తగలకూడదమ్మా, టంకం పనంతా అయ్యాకే దాన్ని కూర్చోబెట్టి, వెండి అంచు మడుస్తాం" అని చేసి చూపించాడు. అందుకే ఉంగరం సైజు మార్చాలంటే ముందు కర్ర తీయాలట. ఈ మాట షోరూమ్‌లో ఎవరూ చెప్పలేదు! బిల్లులో వెండి బరువు, 925 స్వచ్ఛత (అంటే 92.5 శాతం వెండి), కర్ర ధర, మజూరీ వేరువేరుగా రాసిచ్చాడు. బిద్రీ కమ్మలు కూడా అక్కడే తీసుకున్నాం. నల్లగా కనిపించేది జింకులో కొంచెం రాగి కలిపిన లోహం, అందులో వెండి తీగ పొదుగుతారు. వాటిని చింతపండుతో తోమొద్దని రెండుసార్లు చెప్పి పంపాడు. బంగారంతో చేయించుకునేవాళ్లు మాత్రం హాల్‌మార్క్, ఒక్కో నగకు విడిగా ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు నంబరు చూడకుండా డబ్బు కట్టకండి. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

తీరిక ఉంటే మైసూరు రైల్లో, లక్క పూసిన కర్ర బొమ్మలకు పేరున్న చన్నపట్న దాకా వెళ్లండి, 60 కిలోమీటర్లు. మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే అక్కడా. తిరుగుతున్న కర్రకు లక్క ఆనించి, రాపిడి వేడికి అది కరిగి పట్టుకున్నాక మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అక్కడ మాకు పూసలు విడిగా చవగ్గా దొరికాయి. వాటిని నగరత్‌పేటలో ఇచ్చి వెండి గొలుసులో కూర్పించుకుంటే, షోరూమ్ చెప్పిన దానిలో సగం కూడా కాలేదు.