ఆ నిద్ర పొడి కొనకండి, ఐదు స్టార్ల రివ్యూ రాసిన తెలివైనవాణ్ని నేనే

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఆ నిద్ర పొడి తెప్పించి ఉంటే ముందు డబ్బా పక్కన పెట్టండి, తర్వాత ఇది చదవండి. ఏ పొడో మీకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ పట్టుకుంటే చాలు, ఆకుపచ్చ డబ్బా, మీద చందమామ, పక్కన తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ‘పది నిమిషాల్లో గాఢనిద్ర’ అంటూ వచ్చేస్తాడు. పేరు రాయడం లేదు, రాస్తే ఇంకో తలనొప్పి. వాళ్ల పేజీలో అన్నిటికంటే పైన ‘ఇంట్లో డయాలసిస్ చేసుకునేవాణ్ని, రెండేళ్ల తర్వాత చంటిపిల్లాడిలా నిద్రపోయాను’ అని ఒక రివ్యూ ఉంటుంది. నమ్మకండి. అది రాసింది నేనే.

నాది పొట్టలోకి నీళ్లు ఎక్కించే డయాలసిస్. మొదట్లో చేత్తో బ్యాగులు మార్చుకునేవాణ్ని, పోయిన ఏడాది నుంచి రాత్రిపూట సైక్లర్, అంటే ఆ నీళ్లు తనే మార్చే మిషన్. తొమ్మిదిన్నరకి తగిలించుకుంటే తెల్లారి ఆరున్నర దాకా దాంతోనే కాపురం. పగలంతా ఫ్రీగా తిరగొచ్చు అన్నారు, తిరుగుతున్నాను, కళ్లు మూతలు పడుతూ. నీళ్లు దిగిపోయే చివర్లో పొత్తికడుపులో గుంజుతున్నట్టు నొప్పి. కాస్త పక్కకి ఒత్తిగిలితే గొట్టం నలిగి మిషన్ కూత. లేచి, కళ్లజోడు తడుముకుని, స్క్రీన్ మీద ఏం రాసిందో చూసి, గొట్టం సవరించి, బటన్ నొక్కి పడుకుంటే, అప్పుడు మొదలవుతుంది పిక్కల్లో చీమలు పాకడం. కాళ్లు ఆడిస్తూనే ఉండాలి. మూడింటికి మా వీధి కుక్కలు కూడా పడుకుంటాయి, నేను పడుకోను. ఇదంతా మీకు చెప్పక్కర్లేదు.

అలాంటి ఒక రాత్రి 2:40కి ఆర్డర్ పెట్టాను. 30 పొట్లాలు, 1,499 రూపాయలు. పొద్దున్నే కన్ఫర్మ్ చేసుకోవడానికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తే అడిగాను కూడా. ‘అమ్మా, నాకు రెండు కిడ్నీలూ పనిచేయవు, డయాలసిస్ మీద ఉన్నాను, వాడొచ్చా?’ ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను. ‘హాయిగా వాడండి అంకుల్, మొత్తం నేచురల్. ఉద్దానం నుంచి కూడా చాలామంది తెప్పించుకుంటున్నారు’ అంది. ఉద్దానం అనగానే నా నోరు మూతపడింది. కిడ్నీ జబ్బు బాధ ఆ ఊళ్లవాళ్లకి తెలిసినట్టు ఎవరికి తెలుసు, వాళ్లే వాడుతుంటే ఇంకేం అనుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ని. ‘చాలామంది అంటే ఎంతమందమ్మా’ అని అడగడం తోచలేదు.

అసలు దెబ్బ ఎక్కడంటే, అది పనిచేసింది. మూడో రోజుకి మోషన్ సాఫీగా అయింది. పొట్ట బిగిస్తే లోపలి గొట్టం మీద ఒత్తిడి పడి నీళ్లు సరిగా దిగవు, మిషన్ అరుస్తుంది, ఈ గొడవ మనందరిదీ. పొట్ట తేలికయ్యేసరికి అరుపులు తగ్గాయి. పైగా తొమ్మిదింటికే మత్తుగా కళ్లు మూసుకుపోవడం. ఆ సంబరంలో ఐదు స్టార్లు ఇచ్చాను. అక్కడితో ఆగానా? వాళ్ల వాట్సాప్ నంబర్‌కి నిమిషం పొడుగు వాయిస్ మెసేజ్ పెట్టాను, ‘మీరు నా పాలిట దేవుళ్లు’ అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

రెండో వారానికి మత్తు పగలు కూడా వదల్లేదు. మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోయేవి. పదకొండో రోజు మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ, చెయ్యి పప్పన్నంలో ఉండగానే కునుకు పట్టేసింది. మా ఆవిడ ముందు నవ్వింది. రెండుసార్లు పిలిచినా పలక్కపోయేసరికి బీపీ మిషన్ తెచ్చి కట్టింది. 90/54. ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

అక్కడ డయాలసిస్ సిస్టర్ ‘సార్, మీరు నోట్లో వేసుకునేవన్నీ తెప్పించండి’ అంది. డబ్బా తిప్పి, ఆకుల బొమ్మల కింద చీమతలకాయంత అక్షరాలు చదివింది. ఒక్కో పొట్లంలో మెగ్నీషియం 350 మిల్లీగ్రాములు. రోజుకి రెండు. మామూలుగా రక్తంలో సుమారు 1.7 నుంచి 2.4 దాకా ఉండాల్సింది నాకు 4.6 వచ్చింది. కిడ్నీలు బాగుంటే ఎక్కువైంది మూత్రంలో పోతుంది, మనకి పోయే దారి లేదు, రాత్రి డయాలసిస్ లాగేది లాగినా రోజూ పోసేదాన్ని అది అందుకోలేదు అని డాక్టరు చెప్పారు. మోషన్ అయింది దాని వల్లే. ఆ మత్తూ దాని వల్లే. ఇంకా పెరిగితే ఊపిరి, గుండె దాకా వెళ్లేదట. రెండు రోజులు ఉంచుకుని, ఈసీజీలు తీస్తూ, నీళ్లు ఎక్కువసార్లు మార్చి దించారు.

ఇంటికొచ్చిన సాయంత్రం వాళ్లకి ఫోన్ చేశాను. ఒట్టు, డబ్బు కోసం కాదు. ఆ రివ్యూ తీసేయమని. వాళ్ల పేజీలో ఒకసారి పెట్టాక మనం మార్చడానికి లేదు. ఆ అమ్మాయి ‘సీనియర్‌కి ఇస్తాను’ అంది. ఇప్పుడు అంకుల్ లేదు, ఏమీ లేదు. సీనియర్ నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. విని అడిగాడు:

‘సార్, ఒక్క మాట చెప్పండి. నిద్ర పట్టిందా, లేదా?’

‘పట్టింది, కానీ...’

‘పట్టింది కదా సార్. మరి మా ప్రొడక్ట్ చేస్తానన్న పని చేసింది. డాక్టర్ని అడిగి వాడమని డబ్బా మీద రాశాం. మీరు చదువుకున్నవాళ్లే కదా?’

నాకు నోట మాట రాలేదు. ఈలోగా ఫోన్ మ్యూట్ కూడా చేయకుండా పక్కనున్నవాడితో అంటున్నాడు: ‘ఆ డయాలసిస్ వాయిస్ ఉంది చూడు, ఆయనే రా.’ ఇద్దరూ నవ్వారు. ఆ ఆఫీసులో నా గొంతు అందరికీ తెలుసన్నమాట. తర్వాత లైన్ కట్. మళ్లీ చేస్తే రింగ్ కూడా కాలేదు.

ఆ ‘డయాలసిస్ వాయిస్’ అంటే ఏంటో నిన్న తెలిసింది. విజయనగరం వైపు నుంచి ఒకావిడ, వాళ్లాయనది కూడా ఇంటి డయాలసిసే, నాకు ఒక ఆడియో పంపి ‘అన్నయ్యా, ఇది మంచిదేనా?’ అని అడిగింది. నొక్కితే, మీరు నా పాలిట దేవుళ్లు, అని నా గొంతే. వెంటనే ఫోన్ చేసి పారేయమ్మా అన్నాను. ‘రాత్రి ఒక పొట్లం ఇచ్చాను అన్నయ్యా, బాగా పడుకున్నారు’ అంది. నాకు చెమటలు పట్టాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. దాని సంగతి తేలేదాకా ఆగితే ఇంకెంతమంది కొంటారో అని ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో మాట. డబ్బా మీద ‘ఔషధ వినియోగానికి కాదు’ అని ఉంటే అది అమ్మేది మందుగా కాదు, ఫుడ్ సప్లిమెంట్‌గా అని అర్థం. మోషన్ కోసం తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో, కొన్ని గ్యాస్ సిరప్పుల్లో ఉండేదీ ఇదే మెగ్నీషియం, అడక్కుండా వాడకండి. నిద్ర పట్టకపోతే డాక్టరుకి చెప్పండి. నేను రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు, ‘ఇంకేమైనా ఉందా’ అంటే ‘ఏం లేదు సార్’ అని లేచి వచ్చేసేవాణ్ని. ఇప్పుడు చెబితే నీళ్లు పూర్తిగా లాగేయకుండా కొంచెం పొట్టలో మిగిలేలా మిషన్ సెట్టింగ్ మార్చారు, ఆ గుంజుడు చాలావరకు పోయింది. కాళ్ల సంగతికి ఐరన్ పరీక్ష చేయిస్తే తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మోషన్‌కి లాక్టులోజ్ రాశారు. ఇప్పటికీ రాత్రికి రెండుసార్లు లేస్తూనే ఉన్నాను.

మిగిలిన ఎనిమిది పొట్లాలు మా ఆవిడ ఫ్రిజ్ మీద పెట్టింది, నన్ను పారేయనివ్వడం లేదు. ఇంటికి ఎవరొచ్చినా డబ్బా దించి, వెనక అక్షరాలు చదివించి, ‘ఇదిగో, మా మాస్టారు గారి దేవుళ్లు’ అంటోంది.