ఎండకు పచ్చబడ్డ హెడ్‌లైట్లు: పాత స్విఫ్ట్‌కు చేయించిన పని ఎంతవరకు నిలిచింది

మాది 2009 స్విఫ్ట్. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్లే ముందు హెడ్‌లైట్ల పసుపు తీయించి క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) కొట్టించాను. అప్పటి నుంచి అనంతపురం ఎండల్లోనే ఉంది, షెడ్డు లేదు. ఎడమ లైటు ఇప్పటికీ శుభ్రంగా ఉంది, అటువైపు వేపచెట్టు నీడ కొంత పడుతుంది. కుడి లైటు పై అంచున మాత్రం మసక మొదలైంది. మన దగ్గర ఇంతకంటే ఎక్కువ ఆశించలేం.

ఈ లైట్ల పైభాగమంతా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. కంపెనీలోనే దాని మీద ఎండను ఆపే పలుచని పూత వేసి ఇస్తారు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే ముందు ఆ పూత పోతుంది, తర్వాత ప్లాస్టిక్ పచ్చబడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే మెరుపు వస్తుంది, కాదనను. మా వీధిలో ఒక ఆల్టోకు అలాగే చేశారు, కొన్ని నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. పాత పూత తీసేశాక కొత్త పూత వేయకపోతే ఏ పాలిష్ డబ్బాతోనైనా జరిగేది ఇదే.

నేను పెయింటింగ్ షెడ్డులో చేయించాను. రెండు లైట్లకూ కలిపి 1,500 తీసుకున్నారు. చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, నీళ్లు పోస్తూ 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1500, 2000 దాకా రుద్దారు. మొదట కారే నీళ్లు పసుపుగా ఉంటాయి. పాత పూత పూర్తిగా వదిలాక పాలలా తెల్లగా వస్తాయి. అప్పటిదాకా ఆగకుండా నున్నటి పేపరుకు మారితే పాత పూత అంచులు గీతలు గీతలుగా కొత్త కోటు కింద ఉండిపోతాయి. నిలబడి చూసుకోవాల్సింది ఇక్కడే. రుద్దడం అయ్యేసరికి లైట్లు మునుపటికన్నా అధ్వాన్నంగా తెల్లబడ్డాయి. పెయింటరు నా మొహం చూసి, ‘టెన్షన్ పడొద్దు సార్, క్లియర్ పడనీండి’ అన్నాడు. గట్టిపడటానికి హార్డెనర్ కలిపిన టూకే (రెండు భాగాల) క్లియర్ స్ప్రే గన్నుతో కొట్టగానే తెలుపు పోయి లోపలి అద్దంలాంటి రిఫ్లెక్టర్ కనిపించింది. ఇంట్లోనే కొట్టుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట: ఈ క్లియర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు.

ఇంత చేయించినా, రాత్రిపూట తాడిపత్రి రోడ్డెక్కితే వెలుగు అనుకున్నంత లేదు. ఆ దారిలో బండల లారీలు, వెనక లైటు లేని ట్రాక్టర్లు దగ్గరికొచ్చేదాకా కనిపించవు. ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, బల్బు పిన్నుల దగ్గర 12 కూడా లేదు. పాత స్విచ్చు, సన్నటి వైరు, తుప్పు పట్టిన ఎర్తు మధ్యలోనే తినేస్తున్నాయి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకు పంపేది) పెట్టించి మందపాటి వైరు లాగించాను, ఎర్తు పాయింటు గీకించాను. బల్బులు అవే మామూలు హెచ్4 రకం, 60/55 వాట్లవి (హై బీమ్‌కు 60, డిమ్ముకు 55). నన్నడిగితే పాలిష్ కన్నా వైరింగ్‌తోనే ఎక్కువ తేడా వచ్చింది. పైకి కనపడని పని కాబట్టి దీని గురించి ఎవరూ చెప్పరు.

100/90 వాట్ల బల్బులు వేసుకోమని ఆ ఎలక్ట్రీషియన్ ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఆ వేడికి హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టర్ పాడవుతుంది, చట్టం కూడా ఒప్పుకోదు, వద్దన్నాను. ఎల్‌ఈడీ బల్బులు మా బావమరిది వేయించుకున్నాడు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో పెట్టేసరికి వెలుగంతా బండి ముందే కుప్పపడుతుంది, దూరం మాత్రం చీకటే. ఎదురొచ్చే లారీలు డిప్పు కొడుతూనే ఉంటాయి.

పని అయ్యాక బండిని గోడకు ఎదురుగా నిలబెట్టి లైట్ల ఎత్తు సరిచేయించుకోండి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి డిమ్ములో వెలుగు ఎడమవైపే కాస్త పైకి లేవాలి. లోపల తేమ చేరి రిఫ్లెక్టర్ మెరుపు పోయిన లైటుకు పైన ఎంత రుద్దినా డబ్బు దండగ, సెట్టే మార్చుకోవాలి. నాది లోపల బాగానే ఉంది. కుడి లైటుకు వచ్చే ఎండాకాలం లోపు ఇంకో కోటు కొట్టిస్తున్నాను.